మఱుగుపడిన మాటలు, గళ్ళ నుడికట్లు

తెల్లగళ్ళును నల్లగళ్ళును గల యొక చదరము, దాని ప్రక్కన "అడ్డము", "నిలువు" అని రెండు వరుసల ఆధారములు: ఇదియే గళ్ళ నుడికట్టు. దీనినే పదబంధ ప్రహేళిక యనియు నందురు. ఆధారములను జదివి, వానికిఁ దగిన మాటలను తెల్లగళ్ళలో నింపవలెను. అడ్డముగా వ్రాసిన మాటయు నిలువుగా వ్రాసిన మాటయు కలిసికొను గడిలో రెంటికిని సరిపడు నక్షరమే యుండవలెను. ఆట నియమ మింతియే.

ఇది పెద్దలు తీరికవేళ వార్తాపత్రికను ముందుంచుకొని చేయు కాలక్షేపమని కొందఱు విద్యార్థులు తలంపవచ్చును. వాడుకలో లేని మాటలతో మనకేమి పని యని మఱికొందఱు ప్రక్కకు నెట్టవచ్చును. కాని భాష నేర్చుకొనువారికి ఈ యాట చేయు మేలు చాల గలదు. మన మొక మాటను విని యుండవచ్చును, చదివియు నుండవచ్చును. అంతమాత్రమున నది మనకుఁ దెలిసిన మాట కాదు. దాని యర్థమేమి, అక్షరము లెన్ని, ఒత్తు కలదా లేదా, దీర్ఘ మెచ్చట అను ప్రశ్నలకు జవాబు చెప్పఁగలిగిననాఁడే యది మన సొత్తు. ఈ పరీక్షను గళ్ళ నుడికట్టు నిష్పక్షపాతముగాఁ జేయును. ఒక మాట తప్పు వ్రాసినచో దానిని దాఁటుచు పోవు మాట కుదరదు. ఉపాధ్యాయుఁడు ఎఱ్ఱసిరాతో గీఁత గీయనక్కఱలేదు. గడియే తప్పును బట్టి చూపును.

ఈ యాట ఎచ్చటఁ బుట్టినది, తెలుఁగునం దెట్లు నడచును, దీనికిఁ గావలసిన పదజ్ఞాన మేయే విధములది, అది యెచ్చట దొరకును అను నాలుగు విషయములను ఈ వ్యాసమునఁ గ్రమముగా వివరించెదము.

పుట్టుక

గళ్ళ నుడికట్టు ప్రాచీనమైన క్రీడ కాదు. ఇంగ్లండు దేశమునందలి లివర్‌పూలునఁ బుట్టి అమెరికాకు వలసపోయిన ఆర్థర్ విన్ అను పత్రికారచయిత, 1913వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీ ఆదివారమునాఁడు "న్యూయార్క్ వరల్డ్" పత్రికలో దీనిని మొదట ప్రకటించెను. ఆనాఁటి రూపము చదరము కాదు, వజ్రపు టాకారము. దానికాతఁడు పెట్టిన పేరు "వర్డ్-క్రాస్". కొలఁది కాలమునకే ఆ పేరులోని రెండు మాటలును తాఱుమాఱై "క్రాస్-వర్డ్" అయ్యెను. 1924లో సైమన్, షుస్టర్ అను ప్రకాశకులు ఇట్టి ప్రహేళికల తొలి పుస్తకమును వెలువరింపఁగా అది అమెరికాయందు విపరీతముగా వ్యాపించెను. ఆ సంవత్సరముననే "న్యూయార్క్ టైమ్స్" పత్రిక ఇది వట్టి కాలహరణమని నిందించెను. కాని 1942 ఫిబ్రవరి 15వ తేదీనుండి తానే ప్రహేళికను ప్రచురింప మొదలిడెను. లండనునందు "డెయిలీ టెలిగ్రాఫ్" 1925లోను, "టైమ్స్" 1930 ఫిబ్రవరి 1వ తేదీని దీనిని జేపట్టినవి.

ఇచ్చట విద్యార్థులకు వినోదమైన యొక వృత్తాంతము గలదు. డెయిలీ టెలిగ్రాఫునకు ప్రహేళికలను గూర్చువారిలో లెనర్డ్ డా అను నాయన వృత్తిచే నొక పాఠశాల ప్రధానోపాధ్యాయుఁడు. రెండవ ప్రపంచ యుద్ధమున మిత్రరాజ్యముల సేనలు 1944 జూన్ 6వ తేదీని ఫ్రాన్సు తీరమున దిగుటకు ముందు, మే నెలలోను జూన్ మొదటను, ఆ దండయాత్రకు సంబంధించిన రహస్యనామములు, యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్‌బెర్రీ, నెప్ట్యూన్ అనునవి, ఒకదాని వెంట నొకటిగా ఆయన ప్రహేళికల యుత్తరములలోఁ గానవచ్చెను. అధికారులు వచ్చి ఆయనను బ్రశ్నించి, దోషమేమియు లేదని విడిచిపెట్టిరి. ఆయన తన విద్యార్థులచే ఖాళీగళ్ళను మాటలతో నింపించి, పిదప ఆ మాటలకుఁ దాను ఆధారములు వ్రాయు నలవాటు గలవాఁడు. పాఠశాలకుఁ జేరువనున్న శిబిరములలో సైనికులనోట విన్న మాటలనే తాము గళ్ళలో నింపితిమని ఒక పూర్వవిద్యార్థి 1984లోఁ జెప్పెను. ఆ మాటలలో మల్‌బెర్రీ యనఁగా కంబళిపండ్ల చెట్టు. నెప్ట్యూన్ అనఁగా సముద్రదేవత. చెవినిబడిన మాటను గుర్తుంచుకొను బాలుఁడు దానియం దెంత యర్థ మడఁగియున్నదో యెఱుఁగకయే యుండవచ్చును.

తెలుఁగు గడి

ఆంగ్లమునందు ఒక గడి కొక వర్ణము. తెలుఁగునందు ఒక గడి కొక యక్షరము. అచ్చు గాని, గుణింతముతోఁ గూడిన హల్లు గాని, ఒత్తులతోఁ గూడిన సంయుక్తాక్షరము గాని, ఏదైనను ఒక్క గడిలో నొదుగును. "స్త్రీ" యను మాటలో మూఁడు హల్లులును ఒక దీర్ఘాచ్చును గలవు. అయినను దానికి గడి యొక్కటే. సున్నయు విసర్గయు తమ ముందరి యక్షరముతోనే యుండును. కావున "సంవత్సరము" అను మాటకు సం, వ, త్స, ర, ము అని యైదు గళ్ళు. "దుఃఖము" అను మాటకు దుః, ఖ, ము అని మూఁడు.

దీనివలన రెండు ఫలములు గలవు. ఒక మాట దొరకినచో దానిని దాఁటు మాటలో ఒక పూర్తి యక్షరము, దాని దీర్ఘముతోను ఒత్తుతోను సహా, మనకు లభించును. ఇది పూరించువానికి లాభము. కాని అట్టి యక్షరమే గల మాటను వెదకి తెచ్చుట కూర్చువానికిఁ గష్టము. అందుచేతనే కూర్చువాఁడు వాడుకలో నున్న మాటలతో సరిపెట్టుకొనలేక నిఘంటువులు తిరుగవేయును. పూరించువాఁడును ఆ నిఘంటువుల దారి నెఱిఁగి యుండవలెను.

మఱియొక సంగతి. "పుస్తకము" అని వ్రాసినచో నాలుగు గళ్ళు. "పుస్తకం" అని వ్రాసినచో మూఁడే. గ్రంథములలోని రూపము వేఱు, నోటి వాడుకలోని రూపము వేఱు. ఆధారము చివర నిచ్చిన సంఖ్యను జూచి ఏ రూపము కావలెనో గ్రహింపవలెను.

ఒక వస్తువు, పెక్కు పేర్లు

నుడికట్టునకు మొదటి పెట్టుబడి పర్యాయపదములు. సంస్కృతమున అమరసింహుఁడు రచించిన "నామలింగానుశాసనము" అను గ్రంథమే అమరకోశము. మూఁడు కాండములుగల యీ పద్యనిఘంటువును పూర్వము వీథిబడులలో బాలురు వల్లె వేయుచుండిరి. అర్థము గ్రహింపక వల్లె వేయుట భారమే. కాని పేరునకుఁ గల కారణమును గ్రహించినచో భార ముండదు.

ఏనుఁగునే తీసికొందము. కరము, అనఁగా తొండము, గలది గనుక "కరి". దంతములు గలది గనుక "దంతి". రెండు రదములు, అనఁగా పండ్లు, వెలికి వచ్చినది గనుక "ద్విరదము". మొదట తొండముతోను పిమ్మట నోటితోను రెండుమాఱులు త్రాగునది గనుక "ద్విపము". ఇట్లు కారణముతో నేర్చిన పేరు మఱపునకు రాదు.

నీటికి జలము, వారి, నీరము, అంబువు, పయస్సు అను పేర్లు గలవు. వీనికి "జము" చేర్చినచో "పుట్టినది" అను నర్థము వచ్చి జలజము, వారిజము, నీరజము, అంబుజము, పయోజము అగును. ఇవి యన్నియు తామరపువ్వే. "దము" చేర్చినచో "ఇచ్చునది" అను నర్థము వచ్చి జలదము, వారిదము, నీరదము, అంబుదము, పయోదము అగును, ఇవి మేఘములు. "ధి" చేర్చినచో "నిలువయుండు చోటు" అను నర్థము వచ్చి జలధి, వారిధి, నీరధి, అంబుధి, పయోధి అగును, ఇవి సముద్రములు. ఐదు మాటలును మూఁడు తోఁకలును నేర్చినవానికి పదునైదు మాటలు వశమైనవి. ఒత్తు లేని దకారము మేఘము, ఒత్తు గల ధకారము సముద్రము. ఉచ్చారణమున నలక్ష్యము చేయువానిని ఈ గడి తప్పక పట్టుకొనును.

ఇందునకు విరుద్ధముగా ఒక మాటకుఁ బెక్కర్థము లుండుటయుఁ గలదు. "హరి" యనఁగా విష్ణువని యందఱు నెఱుఁగుదురు. అమరకోశమున ఆ మాటకు యముఁడు, వాయువు, ఇంద్రుఁడు, చంద్రుఁడు, సూర్యుఁడు, విష్ణువు, సింహము, కిరణము, గుఱ్ఱము, చిలుక, పాము, కోఁతి, కప్ప అని పదుమూఁ డర్థములు చెప్పఁబడినవి. ఇవిగాక కపిలవర్ణమును గలదు. "గో" శబ్దమునకు స్వర్గము, బాణము, పశువు, వాక్కు, వజ్రాయుధము, దిక్కు, కన్ను, కిరణము, భూమి, జలము అని పది. కావున "కప్ప (2)" అను నాధారమునకు "హరి" యని వ్రాయవలసివచ్చినచో వెఱఁగుపడనక్కఱలేదు.

ఇన్ని పేర్లలో ఏది వ్రాయవలెను? ఇచ్చటనే దాఁటుమాట సహాయపడును. "ఏనుఁగు (4)" అని యాధారము. మాతంగము, వారణము, కుంజరము, ద్విరదము అను నాలుగును నాలుగక్షరముల మాటలే. మూఁడవ గడినుండి క్రిందికి దిగు మాటకు "తేరు (3)" అని యాధారము. తేరునకు స్యందనము, రథము అని పేర్లు గలవు. మొదటిది నాలుగక్షరములది గనుక "రథము" నిలిచినది. కావున ఏనుఁగు మూఁడవ యక్షరము "ర". ఇఁక మాతంగము గాదు, వారణము గాదు, ద్విరదము గాదు. "కుంజరము" మాత్రమే మిగిలినది. ఊహ యొకటి, దానికి సాక్ష్యము మఱియొకటి. రెండును గలిసిననే నిర్ణయము. గణితమునందు వలెనే ఇచ్చటను ఇదియే పద్ధతి.

అంకెలు, సంవత్సరములు

పద్యములలో అంకెలు వేయుట కుదరదు గనుక, శాస్త్రకారులును శాసనకర్తలును అంకెలకు బదులుగా వస్తువుల పేర్లు వాడిరి. ఆకాశ మనఁగా సున్న, చంద్రుఁడు, భూమి అనఁగా 1, నేత్రము, పక్షము 2, అగ్ని, గుణము 3, వేదము, యుగము 4, బాణము, భూతము 5, ఋతువు, రసము 6, ముని, గిరి 7, వసువు, గజము 8, గ్రహము, రంధ్రము 9, దిక్కు 10, రుద్రుఁడు 11, సూర్యుఁడు 12. ఇచ్చట రస మనఁగా తీపి, పులుపు మొదలగు నాఱు రుచులు. కావ్యములలోని నవరసములు గావు. ఇది యెఱుఁగనివాఁడు 6 అనుటకు బదులు 9 అనును.

ఈ సంకేతములను కుడినుండి యెడమకుఁ జేర్చి చదువవలెను. "గిరి వేద గ్రహ చంద్ర" అనఁగా 7, 4, 9, 1. త్రిప్పి చదివినచో 1947. భారతదేశము స్వాతంత్ర్యమును బొందిన యా సంవత్సరమున మన పంచాంగము ప్రకారము నడచినది సర్వజిత్తు. ప్రభవతో మొదలై అక్షయతో ముగియు నఱువది సంవత్సరముల పేర్లును ప్రహేళికలలోఁ దఱచుగ వచ్చును. యువ, వృష, వ్యయ, ఖర, జయ వంటి రెండక్షరముల పేర్లు చిన్న సందులను బూరించుటకు కూర్చువానికి మిగుల ననుకూలములు.

ఆధారములలోని మెలికలు

ఆధారము లన్నియు సూటిగా నుండవు. కొన్నిట మాటయొక్క యర్థము నొకటిగను, అక్షరముల యమరికను మఱియొకటిగను జెప్పుదురు. "తల తిరిగినచో తీగె (2)" అని యాధార ముండెననుకొందము. తలనొప్పి వలనఁ దిరుగుట గాదు. "తల" యను రెండక్షరములను త్రిప్పినచో "లత" యగును. లత యనఁగా తీగె. "యముఁడు వెనుదిరిగినచో అసురశిల్పి (2)" అనినచో "యమ" తిరిగి "మయ" యైనది. "సాగరము తల తెగఁగా విషము వెడలెను (3)" అనినచో సాగరమునందలి మొదటి యక్షరమును దీసివేయవలెను, "గరము" మిగులును. గర మనఁగా విషము. క్షీరసాగరమును మథింపఁగా విషము పుట్టిన కథ నెఱిఁగినవానికి ఈ యాధారము మఱింత యింపుగా నుండును.

ఎటు చదివినను నొక్కటిగా నుండు మాటలును గలవు. తెనాలి రామకృష్ణుని పేరుతోఁ జెప్పుకొను "వికటకవి" అట్టిది. నటన, సరస, మధ్యమ అనునవియు నట్టివే. అక్షర మొక్కొక గడిగా నుండుటచేతనే "మధ్యమ" వంటి మాట రెండువైపుల నుండి సరిపోవుచున్నది.

ఇట్టి మెలికలను విప్పునప్పుడు ఒక్కటి జ్ఞాపక ముంచుకొనవలెను. ఆధారమునం దొక మాటయు వృథాగా నుండదు. ఏ మాట యర్థమును జెప్పుచున్నది, ఏ మాట అక్షరములను జెప్పుచున్నది అని విడఁదీసినచో ముడి వీడును.

ఇంటిమాటలు

ఇంతవఱకుఁ జెప్పినవి చాలవఱకు సంస్కృతపు మాటలు. అవి నిఘంటువులలో భద్రముగా నున్నవి. అపాయమున నున్నవి వేఱు. అవి మన పొలములలోను వంటయిండ్లలోను సంతలలోను నిన్నమొన్నటివఱకు బ్రతికియుండి, పనిముట్టు పోఁగానే దానితోఁ గూడఁ బోవుచున్న తెలుఁగు మాటలు.

జ్యేష్ఠ శుద్ధ పూర్ణిమను ఏరువాక పున్నమి యందురు. ఇందలి "ఏరు" నదిని జెప్పు మాటయని తలంచువారు పెక్కురు. నదిని జెప్పునది శకటరేఫము గల "ఏఱు". నాగలిని జెప్పునది సాధురేఫము గల "ఏరు". ఈ కాలపు ముద్రణములలో ఱకారము విడిచిపెట్టఁబడుటచే రెండును ఒక్కరీతిగానే కనఁబడుచున్నవి. అక్షర మొక్కటి పోఁగా దున్నకపు పండుగ నీటి పండుగగా భ్రమింపఁబడుచున్నది. "నాగలి (2)" అను నాధారము ముందుఁ గలముఁ బట్టుకొని కూర్చున్న బాలుఁడు "ఏరు" అను మాటను గనుఁగొనినచో, అతని కొక గడి నిండుటయే గాక ఒక పండుగ యర్థము గూడఁ దిరిగివచ్చినది.

బావినుండి నీరు తోడుటకు ఏతము, కపిల, గూడ అను సాధనము లుండెడివి. పొడవైన దూలమునకు బానను గట్టి పైకి క్రిందికి ఆడించునది ఏతము. ఎద్దులు లాఁగు తోలుబానతోఁ దోడునది కపిల. ఇరువురు చెఱియొక ప్రక్క నిలిచి త్రాళ్ళతో నూపుచు నీటిని జల్లు బుట్ట గూడ. విద్యుచ్ఛక్తితో నడచు పంపులు వచ్చిన తరువాత ఇవి మూలఁబడినవి. "కపిల" యనిన నేఁటి బాలునకు ఒక మహర్షి పేరు గాని, ఒక రంగు గాని, ఆ రంగుగల గోవు గాని తోఁచును. నాలుగవ యర్థమును వాని తాతనే యడుగవలెను.

కొలతలును నట్టివే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి యని పలుతావుల వాడుక. సీమను బట్టి పరిమాణమున భేద ముండెడిది. రూపాయకుఁ బదునాఱణాలు, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. 1957 ఏప్రిలు 1వ తేదీనుండి రూపాయకు నూఱు పైసల లెక్క యమలునకు వచ్చెను. అణా పోయినది గాని, సంపూర్ణమైనదానిని "పదహారణాల" యనుట నేఁటికిని బోలేదు. పదునాఱవ వంతునకు వీస మని పేరు. "వీసమెత్తు సందేహము లేదు" అని యనువారిలో ఎందఱు ఆ వంతు నెఱుఁగుదురు? ఇట్లే ఘడియ యనఁగా 24 నిమిషములు, జాము అనఁగా మూఁడు గంటలు, ఆమడ యనఁగా నాలుగు క్రోసుల దూరము. మాట మన నోట నున్నది; దాని విలువ మన చేతినుండి జాఱినది.

తెలుఁగు మాట దూరదేశములకుఁ బోయి బ్రతుకుటయుఁ గలదు. పొలములను ఇండ్లను త్రవ్వి పాడుచేయు పందికొక్కు పేరే ఆంగ్లమున "బాండికూట్" అయినది. ఆస్ట్రేలియాలో వేఱొక జాతి జంతువునకును ఆ పేరే పెట్టిరి. లండనున నొకఁడు ఆంగ్లపు నుడికట్టులో ఆ మాటను నింపునప్పుడు, తెలియకయే తెలుఁగు మాటను వ్రాయుచున్నాఁడు.

ఈ యింటిమాటలను గూర్ప యత్నించిన పండితులు లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు పలు మండలములలోని రైతులనోటనుండి వ్యవసాయపు మాటలను సేకరింపించి కూర్చిన మాండలిక వృత్తిపదకోశము, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున 1962లో వెలువడెను. అందు ఉపాధ్యాయులు రైతులే. అక్షరములు రాని రైతు చెప్పఁగా విద్వాంసులు వ్రాసికొని ముద్రించిరి. ఏ మాట గౌరవమైనది, ఏ మాట నీచమైనది యని మనము నిర్ణయించుటకు ముందు ఈ సంగతిని దలఁచుకొనవలెను.

తీర్పరులు

సందేహము గలిగినప్పు డెవరిని సంప్రదింపవలెను? సంస్కృతపు మాటలకు అమరకోశము, అచ్చతెలుఁగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి "ఆంధ్రనామసంగ్రహము" ప్రాఁత యాధారములు. సి. పి. బ్రౌను దొర 1852 ప్రాంతమున ప్రకటించిన తెలుఁగు ఇంగ్లీషు నిఘంటువునందు గ్రంథములలోని మాటలతోఁబాటు జనుల నోటి మాటలును గలవు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి "శబ్దరత్నాకరము" 1885లో వెలసినది; అరసున్నకును శకటరేఫమునకును గల భేదములను దెలిసికొనుట కది మంచి సాధనము. ఏడు అనఁగా సంఖ్య, ఏఁడు అనఁగా సంవత్సరము అను భేదము అట్టిది. "సూర్యరాయాంధ్ర నిఘంటువు" మొదటి సంపుటము 1936లో వెలువడెను.

అయినను నిఘంటువుకంటె ముందుగా నడుగవలసినవారు మన యిండ్లలోనే యున్నారు. నాగలి పిడిని మేడి యందురనియు, భూమిని జీల్చు ఇనుపముక్కను కర్రు అందురనియు తాత చెప్పఁగలఁడు. కుండ దొరలకుండ క్రిందఁ బెట్టు వలయము కుదురు అనియు, పశువును గట్టు త్రాడు పలుపు అనియు నాయనమ్మ చెప్పఁగలదు. వారు చెప్పినది వ్రాసికొని, పిదప నిఘంటువులోఁ జూచినచో, మాటకు రెండు సాక్ష్యములు గలుగును. కొన్నిటికి నిఘంటువులో సాక్ష్యము దొరకకపోవచ్చును. అట్టి మాటలనే మఱింత శ్రద్ధతో వ్రాసికొనవలెను. వానికి మిగిలిన నిఘంటువు ఆ ముదుసలి యొక్కతెయే.

తల్లిదండ్రులకును ఒక మనవి. పిల్లలు ప్రహేళికతోఁ గూర్చుండినప్పుడు ఉత్తరమును వెంటనే యందింపకుఁడు. మొదటి యక్షరమును జెప్పుఁడు. లేదా ఆ వస్తువు మీ బాల్యమున నెట్లు వాడుకలో నుండెడిదో చెప్పుఁడు. ఉత్తరము గడిని నింపును. కథ బుద్ధిని నింపును.

విద్యార్థులకు రెండు హెచ్చరికలు. అర్థము చెప్పలేని మాటను గడిలో నింపి వదలకుఁడు. అక్షరములు సరిపోయినంతమాత్రమున మాట వచ్చినట్లు గాదు. రెండవది, క్రొత్తగా నేర్చిన కఠినపదములను వ్యాసములలో అలంకారముగా గ్రుచ్చకుఁడు. "ద్విరదము" తెలిసినవాఁడు ఏనుఁగును ఏనుఁగనియే వ్రాయును. పూర్వకావ్యమున ద్విరదము కనఁబడినప్పుడు తడఁబడక చదువును. అరుదైన మాటలను నేర్చుట యిందులకే.

అభ్యాసమునకై యెనిమిది యాధారములు:

1. పావురము తల తీసినచో ఓడ (3).
2. అడవి వెనుదిరిగినచో క్రొత్తది (2).
3. గాడిదయే సంవత్సరమైనది (2).
4. రూపాయలో నెనిమిదవ వంతు, ప్రాఁత లెక్క (2).
5. నీటఁ బుట్టినది, ఎటు చదివినను నొక్కటే (3).
6. వెన్నెలలో దాఁగిన చంద్రుఁడు (2).
7. సంకేతమునఁ బదునొకండు (2).
8. చెట్టును, నాగలి పిడియు (2).

ఉత్తరములు: 1. కపోతమునుండి పోతము. 2. వనమునుండి నవ. 3. ఖర. 4. బేడ. 5. జలజ. 6. నెల, నెల యనఁగా చంద్రుఁడు, కావుననే నెలవంక యనుచున్నాము. 7. రుద్ర. 8. మేడి.

వీనిని బూరించిన తరువాత, ఇట్టివే మఱి యెనిమిది ఆధారములను మీరే కూర్పుఁడు. ఎనిమిదింటిలో నాలుగైనను మీ యింటి పెద్దలనోట విన్న మాటలై యుండవలెను.